తినేటోని చేతిల పిలేటు

ఎనిమిది దినాలు సూస్తనన్నడు కైలాసం సేటు. ఎనిమిది దినాల్ల పని నేర్సుకుంటె నౌకరి పక్కా, లేకుంటె మూట సదురుకొని పోవుడే. గా మాట శంకరప్ప బావకు చెప్పిండు గని, చెప్పుకుంట సూపు మాత్రం నా మీదనే వెట్టిండు. ఎందుకంటె మనిషిని దెచ్చింది నేను.

"కొండమ్మా, నీ నోటి మాట మీద వెట్టుకుంటున్న. ఈయన ఏమన్న నుక్సాన్ చేస్తె ఆయన ఎంబడి నువ్వు గూడ పోవాలె," అన్నడు.

"పోత తియ్యి సేటూ, దినాం గీ పొయ్యి కాడ మాడి సచ్చే కన్న అదే నయం," అన్న. నా నోరు గట్లనే, ముంగట ఉరుకుతది, పానం ఎనుక ఏడ్సుకుంట వస్తది.

నేను వికారాబాదు టేషన్ల గారెలు కాల్చేదాన్ని. మా ఆయన రైల్వే గ్యాంగుల పని చేసేటోడు, రజాకార్ల లొల్లి ఏడాది జరమొచ్చి పోయిండు. ఆయన పోయినంక టేషన్ మాస్టరు జర దయ జూపిచ్చి, ప్లాట్‌ఫారం మీద చాయ్ దుకాణం నడిపే కైలాసం సేటు తాన నన్ను పనికి వెట్టిచ్చిండు. తెల్లారంగ పప్పు రుబ్బాలె, బండ్లొచ్చే యాళ్లకు గారెలు, మిర్చీలు కాల్చి పెట్టాలె. నాకు పిల్లల్లేరు, ముంగటెనుక ఎవలూ లేరు. గా పొయ్యే నాకు మొగడు, గా పొయ్యే నాకు కొడుకు. అది గూడ పోతే ఏ గంగల దుంకాలె?

శంకరప్ప బావ ఎవలంటే, మా ఊరు పెద్దేముల్ల నాతోని ఆడుకున్న భాగమ్మ పెనిమిటి. భాగమ్మ, నేను అక్కచెల్లెండ్ల లెక్క, అందుకే ఆయన నాకు బావ. తాండూరు అవతల ఒక జాగీర్దారు దొర ఉండే దేవిడిల పదహారేండ్లు వడ్డన నౌకరి చేసిండు. అదేం నౌకరో మీకు చెప్పాలె. దొర తింటాంటె గోడకు ఆనకుంట నిలవడాలె. దొర కన్ను ఏ గిన్నె మీద వడితే గా గిన్నె దగ్గరికి పోవాలె. చప్పుడు రావద్దు, నోట్లకెల్లి మాట రావద్దు. దొర చెయ్యి కడుక్కున్నంకనే కంచం ముట్టాలె, దొరకు ఈపు చూపియ్యకుంట ఎనుకకు నడ్సుకుంట పోవాలె. పదహారేండ్లు మనిషి గట్లనే బతికిండు.

పోలీస్ యాక్షన్ అయినంక మరుసటేడు జాగీర్లు ఎత్తేసిన్రు. మంచిగైంది, రైతుల పానం నిమ్మలమైంది, నేనేం దొరల కోసం ఏడుస్తలేను. కని దొర పట్నంల ఉన్న బంగ్లాకు పోయిండు, నౌకర్లు రోడ్డున పడ్డరు. గా నౌకర్ల గురించి ఎవలకు ఫికర్? బావ తాండూరు నాపరాయి గనులల్ల బండలు మోయవోయిండు. ఇరవై దినాలకు నడుం వట్టుకున్నది. కిరాణ దుకాణంల అడిగితే, లెక్కలు రానోడు ఎందుకన్నరు. ఎక్కడ వోయినా, నీకేమొచ్చు అంటరు, వడ్డించుడొచ్చు అంటడు, నవ్వుతరు. గిట్ల నాలుగేండ్లు బేకారు తిరిగిండు. కూసుండి తింటే కొండలైనా కరుగుతయ్. భాగమ్మ మెడల పుస్తె తప్ప అన్నీ కరిగినయ్. ఆఖరికి భార్యాభర్తలిద్దరూ పెద్దేముల్‌కు, బామ్మర్ది ఎల్లప్ప ఇంటికి చేరిన్రు.

సేటు తాన బండ్ల కాడ అమ్మే నర్సప్ప షోలాపూరు మిల్లుకు పోయిండని తెల్వంగనే భాగమ్మ పెద్దేముల్ కెల్లి నడ్సుకుంట, బండెక్కుకుంట నా గుడిసెకొచ్చింది. నా రెండు చేతులు వట్టుకొని, "అక్కా, ఈ ఒక్క పని ఇప్పియ్యి. మా తమ్ముని ఇంట్ల ఇగ నేనుండలేను," అన్నది. ఏమైందే అంటె ఏం చెప్పలే. కండ్లు మాత్రం కొంగుతోని ఒత్తుకున్నది. నేను గూడ గుచ్చి గుచ్చి అడగలే. అడిగుంటె బాగుండు.

మొదటి దినం బావ ఎట్ల వచ్చిండు అనుకున్నరు! తెల్ల ధోతి, మెడ దాంక గుండీలు వెట్టుకున్న కోటు, తలకు రుమాలు. నన్ను సూసి వంగి, "నమస్కారం కొండమ్మగారూ," అన్నడు. పక్కన అంగడికి పోయే హమాలీలు ఇరగవడి నవ్విన్రు.

"ఓ బావా, నేను గారుగీరు గాదు, కొండమ్మను. గా కోటు ఇప్పి మూలకు వెట్టు, నూనె వడ్తది," అన్న. ఆయన కోటు ఇప్పి, మడతలు జేసి, దులిపి, డబ్బా మీద వెట్టిండు. నాకు ఒళ్లు మండింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది యవ్వారం అనుకున్న.

ఇగ మా పని సంగతి చెప్త. సికింద్రాబాదు కెల్లి వాడి జంక్షన్‌కు పోయే పాసింజరు మా టేషన్ల పది నిమిషాలు ఆగుతుండె. ఇంజిను నీళ్లు వట్టుకుంటది. గా పది నిమిషాల్ల కిటికీల కెల్లి చేతులు బయటికొస్తయ్, గారెలు, చాయ్, మిర్చీ అని అరుస్తరు. ముందుగాల మోదుగాకుల మీద ఇస్తుంటిమి. తిని ఇసిరేస్తుండ్రి. ఎవడో పెద్ద ఆఫీసరు దిగి, ప్లాట్‌ఫారం మీద ఆకు కనవడొద్దన్నడట. సేటు పట్నం వోయి అంచుకు నీలి గీత ఉన్న పింగాణి పిలేట్లు రెండు డజన్లు కొనుక్కొచ్చిండు. ఇంట్ల పెండ్లాన్ని గూడ గంత ముద్దుగ సూస్కోడు.

గిప్పుడు అసలు పని ఏందంటె, ఇచ్చుడు గాదు, మల్ల తీస్కునుడు. నీళ్ల గొట్టం ఇంజిను మీదికెల్లి జరిగిందంటె నడుం బిగియ్యాలె. గార్డు ఈల ఊదంగనే కిటికీల చెయ్యి వెట్టాలె, పిలేటు గుంజాలె, మిగిలిన గారె తినేటోని దోసిట్ల ఒంపాలె, పిలేటు గంపల ఎయ్యాలె, ఇంకో కిటికీకి ఉరకాలె. తిడ్తరు. తిట్టని. నర్సప్ప అయితె కోతి లెక్క గుంజేటోడు. తినేటోనికి పిలేటు పోయిందని ఎరుకయ్యే వరకు వాడు ఇంకో రైలు డబ్బా కాడ ఉండేటోడు.

మా బావ ఇచ్చుడు చూడాలె! రెండు చేతులతోని పట్టుకొని, చట్నీ ఒలకకుంట, కిటికీ అంచు మీద నిమ్మలంగ వెట్టి, "తినుండ్రి" అని ఒక అడుగు ఎనుకకు జరిగి నిలవడ్డడు. మూడో తరగతి డబ్బాల బీడీ తాగే ముసలోనికి గూడ గదే మర్యాద. మంది ఒకలి మొఖం ఒకలు సూసుకున్నరు. గార్డు ఈల ఊదిండు. బావ చెయ్యి లేవలే. "గుంజు బావా, గుంజు!" అని నేను పొయ్యి కాడికెల్లి మొత్తుకుంటున్న. ఆయన కిటికీ ఎంబడి నడుస్తున్నడు, "జర తొందరగ తినుండ్రి, జర," అంటున్నడు. నేనే ఉరికి నాలుగు పిలేట్లు గుంజిన. కడాయిల మిర్చీలు మాడినయ్, సేటుతోని తిట్లు తిన్న.

రెండో దినం గూడ గంతే. మూడో దినం రెండు పిలేట్లు బండెక్కి పోయినయ్.

సేటు మొఖం ఎర్రగయ్యింది. బావను ఒక్క మాట అనలే, నన్ను పిలిచి, "ఇంకొక్క పిలేటు పోతే మీ ఇద్దరి మొఖాలు నాకు కనవడొద్దు," అన్నడు.

మర్నాడు పగటీలి దుకాణం ఎనుక బావను కూసుండవెట్టి నేర్పిచ్చిన. నేను పిలేట్ల గారె వెట్టుకొని తింటున్నట్టు కూసున్న. "నేను పాసింజరును. గిదిగో ఈల," అని నోటితోని ఈల ఊదిన. "గుంజు." బావ చెయ్యి సాపిండు. చెయ్యి పిలేటు దాంక వచ్చింది, ఆగింది.

"మీరు తినుండ్రి," అన్నడు.

"తినుడు గాదయ్యా, గుంజుడు! నీకు చేతులున్నయా, లేవా?"

మల్ల ఊదిన. మల్ల గట్లనే. ఏడు మాట్ల ఊదిన, నా పెదవులు ఎండిపోయినయ్. ఎనిమిదోసారి ఆయన నుదుటి మీద చెమట సూసిన. మాఘమాసం అది, చలికి కుక్కలు ముడుచుకొని పడుకుంటున్నయ్, ఈయనకు చెమట. అయినా నాకు బుద్ధి రాలే. "జాగీరు పోయింది గని జాగీరు నకరాలు పోలే. నువ్వింకా దొర పక్కన్నే నిలవడ్డ అనుకుంటున్నవ్," అన్న. ఆయన నేను తిన్నంకనే పిలేటు నా చేతిల కెల్లి తీస్కోని కడుక్కరావోయిండు.

నాలుగు, ఐదు, ఆరు దినాలు నేను ఒక కన్ను కడాయి మీద, ఒక కన్ను బండి మీద వెట్టి ఎల్లదీసిన. నూనె సలసల కాగుతాంటె ఇడ్సిపెట్టి ఉరుకుడు, పిలేట్లు గుంజుడు, మల్ల ఉరికొచ్చుడు. మోచెయ్యి మీద నూనె వడి బుగ్గలొచ్చినయ్. సేటు సూడకుంట కొంగు కప్పుకున్న. పండుకుంటె గూడ నిద్రల పిలేట్లే లెక్కవెట్టుకునేదాన్ని.

ఆరో దినం భాగమ్మ వచ్చింది. రైలు కట్ట కింద ఒక అర్ర కిరాయికి సూసొచ్చిందట. "పొయ్యి రాళ్లు గూడ వెట్టొచ్చిన అక్కా. మీ బావ నౌకరి పక్కా అయితే ఎల్లుండే వచ్చేస్తం," అన్నది. ఎంత సంబరమో దాని మొఖంల! "పక్కా అయితది తియ్యే," అన్న. అబద్ధం ఆడుడు నాకు రాదు, గా దినం వచ్చింది.

ఏడో దినం పాసింజరు కిక్కిరిసి వచ్చింది. యాదిల ఉన్నది, ఏదో పెండ్లి మంది, తాండూరుకు పోతున్నరు. ఒక్క డబ్బాకే ఆరు పిలేట్లు ఇచ్చిండు బావ. అండ్ల ఒక ముసలామె, నోట్ల పండ్లు లేవు, గారెను చాయ్‌ల నానవెట్టుకొని చిన్న చిన్న ముక్కలు చేసుకొని తింటున్నది. నీళ్ల గొట్టం జరిగింది. గార్డు ఈల ఊదిండు. నేను ఉరకవోయే యాళ్లకే సేటు వచ్చి నా ముంగట నిలవడ్డడు. "నువ్వు కడాయి కాడ ఉండు. ఎవని పని వాడే చెయ్యాలె," అన్నడు. మూడు దినాల సంది నేను ఉరుకుడు ఆయన సూస్తనే ఉన్నడు.

బండి కదిలింది. బావ కిటికీ ఎంబడి నడ్సిండు, ఉరికిండు, ముసలామె దిక్కు సూసిండు. గుంజుతడు, గిప్పుడు గుంజుతడు అని నేను పండ్లు గట్టిగ కరుసుకున్న. గుంజలే. కమ్మీ వట్టుకొని బండి ఎక్కిండు. గంప ప్లాట్‌ఫారం మీదనే ఉన్నది. బండి వోయింది, బావ వోయిండు, ఆరు పిలేట్లు వోయినయ్.

"సూసినవా నీ మనిషి!" అన్నడు సేటు.

గంప ఎత్తి దుకాణంల వెట్టిన. పగటి బండి వచ్చింది, అమ్మేటోడు లేడు, సేటే గంప వట్టుకొని తిరిగిండు, నన్ను తిట్టుకుంట తిరిగిండు. నాకు ఒకటే పరేషాన్. పట్టాల మీద వడ్డడా? టిక్కెట్ లేదని పోలీసులు వట్టుకున్నరా? సిగ్గు వడి అటే ఏ దేశానికో పోయిండా? భాగమ్మ అర్రల పొయ్యి రాళ్లు వెట్టొచ్చింది, దానికి నేనేం జవాబు చెప్పాలె? ఒక గడియ ఏడ్పు, ఒక గడియ కోపం. గారెలు ఒకటి పచ్చిగ, ఒకటి మాడుగ తీసిన.

పొద్దు వాలే ముంగట తాండూరు కెల్లి వచ్చే బండి ఆగింది. గార్డు డబ్బాల కెల్లి బావ దిగిండు. చేతిల ఆరు పిలేట్లు, ఒకదాని మీద ఒకటి, కడిగి తుడిసి ఉన్నయ్. తాండూరుల టీసీ వట్టుకున్నడట. మా సేటు చాయ్ తాగేటోడే గాయన, నీలి గీత సూసి గుర్తువట్టి, నవ్వి, గార్డుకు చెప్పి ఎనుకకు పంపిండట.

బావ పిలేట్లు సేటు ముంగట వెట్టిండు. సేటు ఒక్కొక్కటి తిప్పి సూసిండు. ఒక్కటి గూడ పగలలే. "పిలేట్లు వచ్చినయ్, మంచిదే. మరి పగటి బండి కాడ ఎవడు అమ్మాలె? దినాం తాండూరు వోయొస్తవా? రేపటి సంది రావద్దు," అన్నడు. తిట్టలే గూడ. తిడితే జర బతిమిలాడొచ్చు. ఉత్తగ చెప్పి గల్లా కాడ కూసున్నడు.

నేను బావను దుకాణం ఎనుకకు గుంజుకపోయిన. గిప్పుడు గా మాటలు యాదికొస్తే నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తది. "నా కడుపు కొట్టినవ్, భాగమ్మ కడుపు కొట్టినవ్. నాలుగేండ్లు బామ్మర్ది గడపల కుక్క లెక్క వడి తిన్నోనివి, నీకు గింత మర్యాద ఏంది? దొరల ఇంట్ల పుట్టినవా?" అన్న.

ఆయన కోపానికి రాలే. గోడకు ఆనిండు. గన్ని దినాలల్ల ఆయన గోడకు ఆనుడు అదే మొదటిసారి సూసిన.

"అవును కొండమ్మా, బామ్మర్ది ఇంట్లనే తిన్న," అన్నడు. "పోయిన వానకాలం ఒక పొద్దు తింటున్న. ఎల్లప్ప చేను కెల్లి తడుసుకుంట వచ్చిండు. వానకు జొన్న అంత పడిపోయిందట. నన్ను సూసిండు. ఒక్క మాట అనలే. నా ముంగటి కంచం గుంజుకున్నడు. గుంజుకొని గూట్ల వెట్టి లోపలికి వోయిండు. చేతిల ముద్ద ఉన్నది, కొండమ్మా. గా ముద్ద మింగాల్నా, కింద వెట్టాల్నా నాకు సమజ్ గాలే. భాగమ్మ సూస్తనే ఉన్నది. చెయ్యి గట్లనే వట్టుకొని బాయి దాంక నడ్సిన."

నేను అక్కడ్నే నేల మీద కూసున్న.

"దేవిడి మర్యాద గాదమ్మా ఇది. గా మర్యాద బండలు మోసిన్నాడే పోయింది. గార్డు ఈల ఊదంగనే కిటికీల చేతిల ముద్ద కనవడ్తది. నా చెయ్యి లేస్తలేదు. నేనేం చెయ్యాలె?" అన్నడు. పెద్ద మనిషి, నలభై దాటినోడు, చిన్న పోరని లెక్క అడిగిండు నన్ను.

నా నోట్లె మన్ను వడ! నేను ఏడు మాట్ల ఈల ఊదిన గదా, నకరాలన్న గదా. ఒక్కసారన్న భాగమ్మను గుచ్చి అడిగిన్నా? ఏడుపొచ్చింది, ఏడ్సిన, ముక్కు తుడుసుకొని లేసిన.

సీద సేటు కాడికి వోయిన. "సేటూ, రేపటి సంది పిలేట్లు నేను గుంజుత. ఆయన ఇస్తడు," అన్న.

"కడాయి కాడ ఎవరుండాలె?"

"బండి ఆగక ముందే అన్ని కాల్చి గంపల వెడ్త. ఆగినంక కడాయి దించుత. ఒక్క పిలేటు పోయినా నా చీర కొంగు వట్టుకొని బయటికి గుంజు."

"ఆడదానివి, ప్లాట్‌ఫారం మీద మొగోళ్ల చేతుల కెల్లి గుంజుకుంట ఉరుకుతవా? మంది ఏమంటరు?"

"ఏమన్న అనని. నేను ముండమోసినదాన్ని, ఇంకేమంటరు నన్ను?"

సేటు నా మొఖం సూసిండు, బావ మొఖం సూసిండు. ఏమైంది మీకని అడిగిండు. నేను చెప్పలే. చెప్పితే దుకాణంల కూసున్న నలుగురు నవ్వుతరు, మరునాటికి టేషనంత పాకుతది. "ఏం గాలే. నౌకరి ఉంచుతవా, లేదా?" అన్న. గంటసేపు సతాయిచ్చిండు. ఆఖరికి, ఒక్క నెల సూస్త అన్నడు.

ఎనిమిదో దినం పాసింజరు వచ్చింది. బావ ఇచ్చుకుంట పోయిండు, రెండు చేతులతోని, చట్నీ ఒలకకుంట, తినుండ్రి అనుకుంట. గార్డు ఈల ఊదంగనే నేను కొంగు నడుంకు చెక్కి దుంకిన. ఒకడు దయ్యమన్నడు, ఒకడు లంజ అన్నడు. ఒకామె కిటికీల కెల్లి నా జుట్టు వట్టుకున్నది. పదమూడు ఇచ్చిండు, పదమూడు తెచ్చిన. గా మాపటికే భాగమ్మ కొత్త అర్రల పొయ్యి ముట్టిచ్చింది.

సేటు నెల అన్నడు, పదకొండేండ్లు గడిసినయ్. నర్సప్ప ఉన్నప్పటి కన్న గిప్పుడు మా దుకాణం కాడ మంది ఎక్కువ. "గా మర్యాద మనిషి యాడున్నడు" అని వాడి జంక్షన్ కెల్లి వచ్చేటోళ్లు గూడ అడుగుతరు. గా మనిషి పక్కన ఉన్న రాక్షసి ఎవరని గూడ అడుగుతరు. దీవెనలన్నీ ఆయనకు, తిట్లన్నీ నాకు. నాకేం బాధ లేదు, తిట్లు నాకు పాతవే.

ఒక్క సంగతి మాత్రం ఎవలకు చెప్పలే. నేను ప్రతి పిలేటు గుంజేటప్పుడు ముందుగాల గా మనిషి చేతి దిక్కు సూస్త. ముద్ద చేతిల ఉంటే, నోట్లె వెట్టుకునే దాంక ఆగుత, బండి ఉరుకుతున్నా ఎంబడి ఉరుకుత. గీ పదకొండేండ్లల్ల శంకరప్ప బావ ఒక్కనాడు గూడ నేను గుంజుతాంటె సూడలే. గార్డు ఈల ఊదంగనే మొఖం నీళ్ల గొట్టం దిక్కు తిప్పుకుంటడు. బండి ఆఖరి డబ్బా దాటినంకనే ఇటు తిరిగి, గంప దిక్కు సూడకుంట, నన్ను ఒక్కటే అడుగుతడు.

"అందరు తిన్నరా, కొండమ్మా?"

తిన్నరు బావా అంట. దినాం అంట.